పిల్లికూన, లిట్టర్ ట్రే, మన ఫినాయిల్

(విశాఖపట్నం మధురవాడలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, పిల్లులు పెంచుకునే కుటుంబాల కోసం ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ ఆదివారం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ బుట్టలో పిల్లిని తెచ్చిన బాబూ, బుట్ట మీద తువ్వాలు కప్పు నాన్నా. ఇంతమందిని ఒక్కసారి చూస్తే దానికి టెన్షన్ వస్తుంది.

మీ సెక్రటరీగారు ఫోన్ చేసి ఏమన్నారంటే, "మేడమ్, మా బ్లాకుల్లో పిల్లులు పెరిగాయి, వాటితోపాటు గొడవలూ పెరిగాయి. మీరొచ్చి పిల్లికి బాత్రూమ్ ఎలా నేర్పాలో చెప్పండి" అన్నారు. సరేనన్నాను. అయితే ముందే చెప్పేస్తున్నాను, పిల్లికి బాత్రూమ్ నేర్పక్కర్లేదు. మట్టి కనిపిస్తే గీకడం, గుంట చేయడం, పని కానిచ్చి కప్పెట్టడం, ఇదంతా దానికి పుట్టుకతో వస్తుంది. మన ఇంటి పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. ఇసుక, మట్టి వాటికి అలవాటు. మీరు చేయి పట్టుకుని గీకించాల్సిన పనే లేదు. కొంతమంది అలా చేస్తారు కూడా, కూన ముందుకాళ్లు పట్టుకుని ట్రేలో గీకిస్తారు. ట్రే అంటే అది పోసుకోవడానికి మనం పెట్టే పళ్లెం, అందులో పోసే తడి పీల్చే మట్టి లాంటిదే లిట్టర్. దానికి చిరాకు తప్ప ఏమీ రాదు.

మరి అంత తెలిసిన జీవి మన పరుపు మీద ఎందుకు పోస్తోంది? తులసి కుండీలో ఎందుకు కూర్చుంటోంది? ఇదండీ ప్రశ్న. చాలాసార్లు దీనికి జవాబు పిల్లిలో దొరకదు, ఇంట్లో దొరుకుతుంది. ట్రే ఎక్కడ పెట్టాం, అందులో ఏం పోశాం, నేల దేంతో తుడిచాం, రాత్రి ఏ తలుపు వేశాం. కాదంటే కూన ఒంట్లో ఏదో బాగాలేదు. పిల్లికి పొగరు, పగ, పంతం అని మనం కట్టే కథలు పక్కన పెట్టేద్దాం. "నేను ఆఫీసుకు వెళ్తున్నానని కోపంతో చేసిందండీ" అంటారు. కాదమ్మా. దానికి మీ ఆఫీసుతో పనేముంటుంది?

ముందు వయసు చూడాలి. మీ చేతికొచ్చిన కూన ఎంతది? కళ్లింకా తెరవలేదంటే దాదాపు పది రోజుల లోపుది. అంత చిన్నది తనంతట తాను మూత్రం పోయలేదు. మూడు వారాలదాకా తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేదంటే ఆ పని మనది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, పిండి, తోక కింద మెల్లగా అద్దుతూ ఉండాలి. పాలు పట్టిన ప్రతిసారీ చేయాలి, ప్రతిసారీ. ఇది తెలియక పాలు మాత్రం పట్టేసి, "పొట్ట ఉబ్బిపోయిందండీ" అని పరిగెత్తుకొస్తారు.

పాలంటే గుర్తొచ్చింది. గేదెపాలు వద్దు, ప్యాకెట్ పాలు వద్దు, నీళ్లు కలిపినా వద్దు. వాటిలోని లాక్టోజ్ చాలా కూనలకు అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలు పట్టిన కూన ట్రేదాకా వెళ్లలేదు, దారిలోనే అయిపోతుంది. అప్పుడు మీరేమంటారు? "ఇది ట్రే వాడటం లేదు" అంటారు. పిల్లికూనల కోసమే చేసిన పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి. కాస్త పెద్దదైతే పాలే అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. పిల్లికి పాలు పోయకపోతే పాపం అనుకునే మామ్మగార్లు ఇక్కడ ముందు వరసలోనే ఉన్నారు, నాకు తెలుసు. ఉడకబెట్టిన చేప ముక్క పెట్టండి మామ్మగారూ, ఉప్పూ కారం లేకుండా, ముల్లు తీసి. పుణ్యానికి పుణ్యం.

ఇంకో మాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాలో, పార్కింగులో పాత స్కూటర్ కిందో కూనలు కనబడగానే అనాథలని ఎత్తుకొచ్చేయకండి. తల్లి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని చోటు మారుస్తూ ఉండొచ్చు. దూరం నుంచి కొన్ని గంటలు కనిపెట్టండి. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉన్న కూనకు ట్రే అలవాటు చాలా తేలిక. తల్లి ఎక్కడ కూర్చుంటే అదీ అక్కడే కూర్చుంటుంది.

మూడు, నాలుగు వారాల వయసులో కూన తడబడుతూ నడవడం, మూలలు వాసన చూడటం, నేల గీకడం మొదలెడుతుంది. ట్రే పెట్టాల్సిన సమయం అదే. ఎలాంటి ట్రే? స్వీటు డబ్బా పెద్ద మూతయినా చాలు. అట్టపెట్టెను అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో కోసేసి, లోపల పాత పేపరు పరిచినా చాలు. అంచు దాటేటప్పుడు పొట్ట తగలకూడదు, అంతే లెక్క. పాడైతే పారేసి ఇంకోటి పెట్టొచ్చు. షాపువాడు గుడిగోపురంలా మూతపెట్టిన బాక్సు చూపిస్తాడు, మూడువేలో ఎంతో చెబుతాడు. అది మనకు నచ్చుతుంది, ఎందుకంటే లోపలి సంగతి మనకు కనపడదు. పిల్లికి మాత్రం లోపల వాసన మగ్గిపోతుంది, బయట ఎవరున్నారో తెలియదు. కొనకండి.

పెద్దయ్యాక ట్రే పొడవు, ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉండే పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. పెట్ షాపు ట్రేలు చాలావరకు అంతకంటే చిన్నవే. పూర్ణా మార్కెట్‌లో బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొని, ఒక పక్క అంచు కిందికి కోసి, కోసిన చోట గీసుకోకుండా టేపు అంటించండి. అంతకంటే మంచి ట్రే నేను చూడలేదు.

ఎన్ని పెట్టాలి? పిల్లులు ఎన్నో వాటికి ఒకటి కలపండి. ఒకదానికి రెండు, రెండింటికి మూడు. నవ్వుతున్నారు, టూ బీహెచ్‌కేలో ఎక్కడ పెట్టమంటారని. నిజమే. కానీ రెండు కూనలున్న ఇంట్లో ఒకటి ట్రే దగ్గర కాపు కాసి రెండోదాన్ని రానివ్వకపోవడం మామూలే. పాపం అది సోఫా వెనక్కి వెళ్తుంది. రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టేసి రెండు పెట్టామనకండి, పిల్లి లెక్కలో అది ఒకటే. వేరే వేరే చోట్ల ఉండాలి.

సరే, ఎక్కడ పెట్టాలి? మనవాళ్లకు వెంటనే తోచేది బాత్రూమ్. మన బాత్రూమ్ ఎప్పుడు పొడిగా ఉంది చెప్పండి? చెంబుతో నీళ్లు కుమ్మరిస్తాం, ట్రేలో పడతాయి, తడిసిన లిట్టర్‌లోకి పిల్లి కాలు పెట్టదు. పైగా ఎవరో లోపల గడియ పెట్టుకుంటారు. తర్వాత తోచేది వాష్ ఏరియా. అక్కడ వాషింగ్ మెషీన్ ఉంటుంది. కూన ట్రేలో కూర్చున్న సమయానికే అది గిర్రున తిరగడం మొదలెట్టిందనుకోండి, ఇక ఆ చోటంటేనే భయం. ఆ తర్వాత బాల్కనీ. వల కట్టని బాల్కనీ మాత్రం వద్దే వద్దు, పావురం వెనక దూకి కిందపడిన పిల్లులకు ఎన్నో కట్లు కట్టాను. వల కట్టినా వానజల్లు కొట్టే బాల్కనీ పనికిరాదు. మీ బ్లాకులో సముద్రం వైపు ఉన్న బాల్కనీలన్నీ అంతే కదా.

నా మాటయితే, జనం ఎక్కువగా తిరగని గది మూల, లేదా వాడని రెండో బాత్రూమ్. తిండిగిన్నెకు, నీళ్లగిన్నెకు దూరంగా. తినే చోట అది పోయదు, మనమూ అంతే కదా. వంటింట్లో వద్దు, పూజగది పక్కన వద్దు అని ఇంట్లో పెద్దవాళ్లంటే వినండి, దానికోసం తగాదా అక్కర్లేదు. అయితే ఆ మాట మీద ట్రేని ఇల్లంతా తిప్పకండి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అంటే కూన పాత చోటుకే వెళ్తుంది. తప్పక మార్చాల్సి వస్తే రోజుకో అడుగు చొప్పున జరపండి.

రాత్రి సంగతి ఎవరూ ఆలోచించరు. వేసవిలో ఏసీ గదిలో అందరూ పడుకుంటారు, కూనను కూడా లోపలికి తెచ్చుకుంటారు, చల్లగాలి పోతుందని తలుపు వేస్తారు. ట్రే ఎక్కడుంది? హాల్లో. తెల్లవారుజామున అది తలుపు గీకుతుంది, మీరు లేవరు. పరుపు మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది, దాని దృష్టిలో బ్రహ్మాండమైన చోటు. ఇందులో పిల్లి తప్పేముంది? గదిలో ఒక మూల చిన్న ట్రే పెడితే అయిపోయే పనికి పరుపు మార్చినవాళ్లున్నారు.

కొత్తగా తెచ్చిన కూనకు మొదట్లో ఇల్లంతా ఇచ్చేయకండి. ఒక గది చాలు. అందులోనే పడక, తిండి, దూరంగా ట్రే. నిద్ర లేవగానే, తిన్న తర్వాత, బాగా ఆడిన తర్వాత తీసుకెళ్లి ట్రేలో వదలండి. ఎక్కువగా అప్పుడే వస్తుంది. వదిలి పక్కకు జరగండి, పైన నిలబడి చూడకండి. ట్రేని రెండు మూడు రోజులు తప్పకుండా వాడితే మెల్లగా ఇంకో గది తెరవండి. బయట పోసిందా? టిష్యూతో అద్ది ఆ టిష్యూ తీసుకెళ్లి ట్రేలో పెట్టండి. ఆ వాసన పట్టుకుని తర్వాతిసారి అక్కడికే వస్తుంది. ముక్కు నేలకేసి రాయడం, కొట్టడం, అరవడం, ఇవి చేస్తే అది నేర్చుకునేది ఒకటే, మీరు చూస్తుండగా పోయకూడదని. ఇక మంచం కిందకు పోయి పోస్తుంది. మీకు వాసన తెలుస్తుంది, చోటు తెలియదు.

ఇక ట్రేలో ఏం పోయాలి? ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లోనూ ఇసుక, బొగ్గుల బూడిదే పోసేవారు. 1947లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో (Ed Lowe) అనే ఆయన్ని పొరుగావిడ పిల్లి కోసం ఇసుక అడిగింది. ఆయన దగ్గర నూనె మరకలు పీల్చే బంకమట్టి గుళికలుంటే అవి ఇచ్చి చూడమన్నాడు. ఆవిడకి తెగ నచ్చేసింది, ఆయన సంచుల్లో కట్టి అమ్మడం మొదలెట్టాడు. ఇవాళ్టి లిట్టర్ వ్యాపారమంతా అక్కడ మొదలైంది. తడి తగిలితే ఉండకట్టే బెంటొనైట్ రకం తర్వాత 1980ల్లో వచ్చింది. ఆ మట్టి మన దేశంలో గుజరాత్‌లో కచ్ వైపు బాగా దొరుకుతుంది.

ఉండకట్టే లిట్టర్ పెద్ద పిల్లికి చాలా బాగుంటుంది. చిన్న కూనకు పోయకండి. అది అన్నీ నోట్లో పెట్టుకుంటుంది. ఆ మట్టి కడుపులోనూ ఉండకడుతుంది కదా! రెండు మూడు నెలలు నిండి, నమిలే అలవాటు పోయేదాకా పేపరు ముక్కలు, చెక్క గుళికలు, ఉండకట్టని రకం వాడండి. రెండు మూడు వేళ్ల మందం చాలు. సువాసన కలిపిన లిట్టర్, మల్లెపూల వాసన, లావెండర్ వాసన, అవి మన ముక్కు కోసం చేసినవి. పిల్లి ముక్కు మనకంటే ఎన్నో రెట్లు చురుకైనది, దానికి ఆ ఘాటు పడదు.

డబ్బు దండగ మేడమ్, మన దగ్గరే ఇంత ఇసుక ఉంది కదా, ఆర్కే బీచ్‌కి వెళ్లి ఒక బకెట్ తెచ్చుకుంటే పోలేదా అని ఇక్కడ కొందరి మనసులో ఉంది. ఉందా లేదా? ఉంది! చూడండి, బీచ్ ఇసుక మూత్రాన్ని పీల్చుకోదు, తడి అడుగుకు దిగి అక్కడే మురుగుతుంది. అందులో ఉప్పుంటుంది, అది గాలిలో చెమ్మను లాక్కుని ఎప్పుడూ ఆరదు. ఊరకుక్కలు తిరిగిన ఇసుకలో కొంకిపురుగు లార్వాలుండొచ్చు. అవన్నీ అలా ఉంచండి. పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో సముద్రంలోంచి ఇసుక తోడి, కోతకు గురైన మన బీచ్‌లో పోయిస్తుంటే, మనం బకెట్లతో ఇంటికి మోసుకొస్తామా? అలాగే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అది భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్ర చెప్పే చోటు, అక్కడ చారెడు మట్టి కూడా తియ్యకూడదు. పిల్లి పేరు చెప్పి అసలే తియ్యకండి.

చవకలో కావాలంటే వడ్రంగి దగ్గర చిత్రిక పట్టిన చెక్క పొట్టు తెచ్చుకోండి. రంగూ పాలిషూ పట్టని చెక్కదై ఉండాలి. మరీ సన్నటి రంపపు పొడి వద్దు, ముక్కులోకి పోయి తుమ్ములు. ఊక తేలిగ్గా ఎగురుతుంది, తడి అంతగా పీల్చదు. నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు బాగా పీల్చుతుంది, కూనలకు మట్టిలాగే అనిపిస్తుంది, అయితే మన ఊరి చెమ్మకు బూజు పడుతుంది, తరచూ మార్చాలి. మన ఊళ్లో అన్నింటికీ ఈ చెమ్మ సమస్యే. వానాకాలంలో సంచి మూతి తెరిచి వదిలేస్తే చెక్క గుళికలు వాటంతటవే పొడైపోతాయి. బిగుతు మూత ఉన్న బియ్యం డబ్బాలో పోసుకోండి. పాత పేపర్లు కొన్ని ఎప్పుడూ దాచుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎవరి దగ్గర ఏముందో గుర్తుందా? కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, షాపుల్లేవు. చింపిన పేపరే లిట్టరు.

అన్నట్టు తులసి కుండీ. కూనకి అది పెద్ద ట్రేలా కనబడుతుంది, మెత్తటి మట్టి ఉంది మరి. తిట్టి లాభం లేదు. మట్టి పైన గులకరాళ్లు దగ్గరదగ్గరగా పరవండి, గీకడానికి వీల్లేకుండా. పక్కనే ట్రేలో అదే మట్టి పోసి పెట్టండి. అక్కడ అలవాటయ్యాక రోజూ కాస్త కాస్త లిట్టర్ కలుపుతూ మట్టి తగ్గించండి. ఏ లిట్టర్ నుంచి ఏ లిట్టర్‌కి మారినా ఇలాగే, మెల్లగా.

ఫినాయిల్ సంగతి

ఇప్పుడు నేను అసలు దేనికోసం వచ్చానో అది చెబుతాను. కాస్త ఫోన్లు పక్కన పెట్టండి.

కూన నేల మీద పోసింది. మీరేం చేస్తారు? ఫినాయిల్ తెస్తారు. అవునా? నల్ల ఫినాయిల్, తెల్ల ఫినాయిల్, లేదా నీళ్లలో డెట్టాల్ కలిపి తుడిచేస్తారు. ఇల్లు శుభ్రమైందని మీకు తృప్తి. ఇప్పుడు కూన ఆ తడి నేల మీద నడుస్తుంది. తర్వాత ఏం చేస్తుంది? కూర్చుని కాళ్లు నాక్కుంటుంది. నేల మీదున్నదంతా కడుపులోకి పోయింది.

మన కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రంలో బయటకు పంపేస్తుంది. ఆ పనిచేసే ఎంజైముల్లో ముఖ్యమైన ఒకదాని జన్యువు పిల్లుల్లో చచ్చుబడిపోయింది. పూర్తిగా మాంసాహారి కదా, మొక్కల్లోని రసాయనాలతో దానికి పెద్దగా పనిలేకపోయింది. అందుకే మనకు ఏమీ చేయనిది దానికి విషమవుతుంది. నల్ల ఫినాయిల్‌లో క్రెసాల్ జాతివి ఉంటాయి, తెల్లదాంట్లో ఎక్కువగా పైన్ నూనె ఉంటుంది, డెట్టాల్‌లో క్లోరోక్సిలినాల్. పేర్లు గుర్తుండక్కర్లేదు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే ఘాటు ద్రావణాలు పిల్లి ఉన్న ఇంట్లో వద్దు, అలా గుర్తుపెట్టుకోండి. చొంగ కారడం, నాలుక మీద పుండ్లు, తూలుతూ నడవడం, తిండి మానేయడం కనిపిస్తే ఆ సీసాతో సహా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. వాంతి చేయించాలని ఇంట్లో ప్రయత్నాలు చేయకండి. ఒంటికి అంటితే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, నాక్కోకుండా తువ్వాలు చుట్టండి.

పారాసిటమాల్ కూడా ఇదే కథ. కూనకు ఒళ్లు వెచ్చగా ఉందని అర మాత్ర వేసేవాళ్లున్నారు. చంపేస్తుందండీ. ఒక్క మాత్ర పెద్ద పిల్లిని కూడా చంపగలదు. బట్టల బీరువాలో కలరా ఉండలు కూడా పిల్లికి అందకుండా చూడండి.

ట్రేని కూడా ఫినాయిల్‌తో కడిగేవాళ్లున్నారు. రేపట్నుంచి పిల్లి ఆ ట్రే దరిదాపులకు పోదు, అంత ఘాటు వాసన మరి. బ్లీచింగ్ వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. గిన్నెలు తోమే మామూలు సబ్బు, వేడినీళ్లు, బాగా జాడించి ఎండలో పెట్టండి. ఎండకంటే మంచిదేముంది?

నేల మీద మూత్రానికైతే ముందు అద్దండి, రుద్దకండి. తర్వాత వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడవండి. పరుపుల్లో, సోఫాల్లో ఇంకితే మాత్రం ఎంజైమ్ క్లీనరే కావాలి. ఆరిన మూత్రంలో యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా ఉండిపోతుంది, సబ్బుకు పోదు. చెమ్మ తగిలిన ప్రతిసారీ వాసన మళ్లీ లేస్తుంది. "శీతాకాలమంతా బాగుంది మేడమ్, వానలు పడగానే మళ్లీ కంపు" అని మీరు చెప్పేది అదే. చోటు తెలియకపోతే దొంగనోట్లు చూసే యూవీ లైటు ఉంటుంది కదా, రాత్రి లైట్లార్పి దాంతో వెతకండి, మరక మెరుస్తుంది.

మెట్ల మీద, లిఫ్టు దగ్గర పనివాళ్లు ఫినాయిల్ కొడతారు. దాని గురించి సెక్రటరీగారూ, మీరూ నేనూ తర్వాత మాట్లాడదాం. తప్పించుకోకండి.

ట్రే చెప్పే జబ్బులు

రోజుకు రెండుసార్లు గరిటెతో ట్రేలోది ఎత్తి పారేయమంటే శుభ్రత కోసమే అనుకుంటారు. నాకైతే అది రిపోర్టు. ఉండలు ఎన్నున్నాయి, ఎంత సైజున్నాయి, మలం గట్టిగా ఉందా, పలచగా ఉందా, నెత్తురుందా, తెల్లటి పురుగులున్నాయా. నా దగ్గరకొచ్చి "ఎప్పటినుంచో తెలియదండీ" అంటే నేనేం చేయను?

కూనల్లో నట్టలు దాదాపు మామూలే, తల్లి పాల ద్వారా కూడా వస్తాయి. రెండు వారాల వయసు నుంచే నులిపురుగు మందు మొదలెట్టాలి, బరువు చూసి మోతాదు డాక్టరే చెప్పాలి. చిన్న కూనకు విరేచనాలు పట్టుకుంటే రేపు చూద్దాం అనుకోకండి, ఒంట్లో నీరు చాలా త్వరగా పోతుంది.

మగపిల్లి ఉన్నవాళ్లు ఇది వినండి. ట్రేలోకి మాటిమాటికీ వెళ్తోంది, కూర్చుంటోంది, ముక్కుతోంది, అరుస్తోంది, ఒక్క చుక్క రావడం లేదు. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టేస్తారు. అది మలబద్ధకం కాకపోవచ్చు, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే. ఇన్నాళ్లూ బుద్ధిగా ట్రే వాడిన పిల్లి ఉన్నట్టుండి బాత్రూమ్ జాలీ దగ్గరో, సింకులోనో పోస్తోందంటే కూడా మూత్రంలో మంటే కారణం కావచ్చు. మందలించే ముందు మూత్ర పరీక్ష చేయించండి.

అయిదారు నెలల మగకూన నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడ మీద చిమ్ముతోందా? అది ట్రే సమస్య కాదు, ఈడొచ్చింది. ఆపరేషన్ చేయించండి. ఈడు రాకముందే, అంటే నాలుగైదు నెలలకు చేయిస్తే ఆ అలవాటే పడకపోవచ్చు. ఆడకూన కూడా నాలుగో అయిదో నెలకే చూలు కట్టగలదు. ఇంకా చిన్నపిల్లే కదా అనుకుంటూ ఉండగానే అది నలుగుర్ని కంటుంది. మీ బ్లాకుల్లో పిల్లులు పెరిగాయన్నారు, ఇలాగే పెరిగాయి.

ఆ పచ్చచీర అమ్మ అప్పటినుంచీ చేయెత్తుతున్నారు, చెప్పండమ్మా... అమ్మాయి పురిటికి వచ్చింది, వియ్యపురాలు పిల్లిని వదిలేయమంటున్నారు. చాలా మంచి ప్రశ్న, చాలా ఇళ్లలో గొడవ. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి ఆవిడ భయం. ఆ భయం ఉత్తుత్తిది కాదు, గర్భంలో ఉన్నప్పుడు మొదటిసారి సోకితే బిడ్డకు ప్రమాదమే. కానీ అది ఎలా వస్తుందో చూడండి. పిల్లి సాధారణంగా తనకు మొదటిసారి సోకినప్పుడు మాత్రమే, ఒకటి నుంచి మూడు వారాలు, మలంలో ఆ గుడ్లు వదులుతుంది. బయటపడ్డాక అవి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు, ఒక్కోసారి అయిదు రోజులు పడుతుంది. అంటే రోజూ ట్రే ఎత్తేస్తే చాలావరకు ముప్పు తప్పినట్టే. ఆ ఎత్తే పని అమ్మాయి చేయకూడదు, అల్లుడుగారు చేస్తారు. ఆయనకు ఆ మాత్రం పని ఉండాలి కదా! పిల్లిని నిమిరితే రాదు. పచ్చి మాంసం పిల్లికి పెట్టకండి, ఎలుకల వేటకు బయటకు వదలకండి. అమ్మాయి మాత్రం సరిగా ఉడకని మాంసం తినకూడదు, ఆకుకూరలు బాగా కడిగి వండాలి, కుండీల మట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. ఇవి పిల్లి లేని ఇంట్లో కూడా పాటించాల్సినవే. వియ్యపురాలుగారికి ఇది చెప్పి చూడండి, వినకపోతే మీ అమ్మాయిని చూసే గైనకాలజిస్టు చేత చెప్పించండి.

తీసిన లిట్టర్ ఎక్కడ పారేయాలి? కమోడ్‌లో వద్దు, బెంటొనైట్ ఉబ్బి పైపు బిగుసుకుపోతుంది. గెడ్డ కాలువలో వద్దు, అదంతా చివరికి సముద్రంలోకే. కూరపాదులకు ఎరువుగా అసలే వద్దు. పేపర్లో గట్టిగా చుట్టి, డైపర్లు ఎలా విడిగా ఇస్తారో అలా జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ చెత్తబండికి విడిగా ఇవ్వండి. తడిచెత్తలో కలిపేస్తే ఎరువు తయారయ్యే చోట పాడుచేస్తుంది. ఇచ్చేటప్పుడు అందులో ఏముందో ఒక్క మాట చెప్పండి, బండి దగ్గర చెత్త తీసుకునే ఆమె ఉత్తచేతులతో విప్పుతుంది.

కమోడ్ మీద కూర్చోవడం నేర్పొచ్చా అని ఆ అబ్బాయి అడుగుతున్నాడు, వీడియోల్లో చూశాడట. నేర్పొచ్చు నాన్నా, కానీ ఎందుకు? గీకి కప్పెట్టాలన్న దాని కోరిక తీరదు, జారి పడుతుంది, పైగా నా రిపోర్టు నీళ్లలో కొట్టుకుపోతుంది.

చివరి ప్రశ్న, సంక్రాంతికి ఊరెళ్తే ఎలా? ట్రే నిండా లిట్టర్ పోసేసి, గిన్నె నిండా తిండి పెట్టేసి మూడు రోజులు తాళం వేసి వెళ్లకండి. పక్క ఫ్లాటువాళ్లకు తాళం ఇవ్వండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రమ్మనండి. గరిటె ఎక్కడుందో, లిట్టర్ డబ్బా ఎక్కడుందో వెళ్లేముందు చూపించండి. బాత్రూమ్ తలుపు, ట్రే ఉన్న గది తలుపు గాలికి పడిపోకుండా అడ్డు పెట్టండి. మగపిల్లయితే ట్రేలో మూత్రం ఉండలు కనిపించని పూట మీకు ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి, డాక్టర్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఇల్లు తుడిచిపెడతానని ఆవిడ ముచ్చటపడితే, ఫినాయిల్ సీసా ముందే దాచేయండి.